నీ ఫ్లాపీ బతికే ఉందిరోయ్

ఒరేయ్ మామా,

నీ ఉత్తరానికి రెండు నెలలుగా జవాబు రాయలేదు, తిట్టుకుంటున్నావని తెల్సు, తిట్టుకో. ఇక్కడ అంతా బానే ఉన్నాం, అదే ఉద్యోగం, అదే నడుంనొప్పి. అసలు సంగతి విను, కడుపుబ్బిపోతోంది.

అటక దులుపుతుంటే ఫైళ్లు దాచుకున్న మన పాత ఫ్లాపీ డిస్కులు బయటపడ్డాయి! "ముట్టుకున్నోడు చచ్చాడే" అని నీ కోడిగీతల్తో రాసిందీ ఉంది. నా ఆత్రం తెల్సుగా, పాత డ్రైవ్ తగిలించి చేతికందిందల్లా తోసేశా. కీచుమంది. తీసి షట్టర్, అదే ఫ్లాపీ అంచున జరిగే మూత, జరిపి చూద్దునుగదా, తెల్లగా బూజు చుక్కలు. అప్పుడైనా ఆగాలా, శుభ్రంగా ఉన్న ఇంకోటి పెట్టా, దానిమీద గుండ్రంగా గీత పడిపోయింది. ఫ్లాపీ డ్రైవ్‌లో హెడ్, అంటే చదివే ముక్క, డిస్కుని తాకుతూనే చదువుతుంది, డిస్కేమో నిమిషానికి 300 చుట్లు తిరుగుద్ది, ఇంక హెడ్‌కి అంటిన మురికి ఊరుకుంటుందా. పోయింది నా ప్రాజెక్ట్ రిపోర్టేలే, పీడాపోయింది.

ఇక డ్రైవ్ మూత విప్పా. ఇంట్లో ఉన్న స్పిరిట్ 70 శాతందే, మిగతాది నీళ్లు, అందుకని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెప్పించా. ఇయర్‌బడ్ కొంచెం తడిపి కింది హెడ్ మీద ఆనించానో లేదో, దూదికి గోధుమరంగు మరక! పై హెడ్‌తోనే ప్రాణం పోయింది, పల్చటి రేకు మీద ఉంటుంది, ఎక్కువ ఎత్తితే వంగిపోయి కింది హెడ్‌కి ఎదురుగా కూర్చోదు, ఇయర్‌బడ్ పట్టేంత మాత్రమే ఎత్తి, ఊపిరి బిగబట్టి... గొడుగు రోజున నువ్వు పెట్టిన మొహమే అనుకో.

తర్వాత నీ ఫ్లాపీ. షట్టర్ తెరిచి పట్టుకుని, వెనక ఇనప బిళ్లని వేలితో తిప్పుతూ, రుద్దకుండా తుడిచా, రెండు వైపులా. తడి మీద పెట్టకూడదని రాత్రంతా ఆరబెట్టా, నిద్రపడితే ఒట్టు.

అన్నట్టు మర్చిపోతా, నీ చచ్చిపోయిన హార్డ్ డిస్క్‌ని కూడా ఇలా తుడుద్దామని విప్పేవు, వద్దు. దాన్లో హెడ్ తాకదు, నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది, మనకి కనపడని దుమ్ము చాలు గీకెయ్యడానికి. డేటా తీసేవాళ్లకివ్వు.

పొద్దున పెట్టా. టక్, టక్, టకటక... లిస్టు వచ్చింది! గొడుగు ఫైలూ ఉంది రా! వెంటనే కాపీ చేశా, ముందు కాపీ, తర్వాతే చదవడం, అంతమాత్రం బుద్ధొచ్చింది. తెరిస్తే మొదటి లైన్లోనే ఆవిడ పేరు తప్పు రాశావ్, అందుకే మరి ఆ రోజు

ఉండు, కొరియర్ వాడొచ్చేశాడు, కవర్ అంటించాలి. మిగతాది మళ్లీ.

నీ
తిక్కలోడు