ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు

న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుగా (రేడియోధార్మిక మందు ఇచ్చి స్కాన్ తీసే ఉద్యోగంలో) చేరబోయేవాళ్లకు: నెల జీతం అంకె ఒక్కటే చూడకండి. పెట్ స్కాన్ సెంటరైతే డోసు, అంటే పేషెంట్లకిచ్చే ఆ మందు, లేటైన రోజు సంగతి ముందే తేల్చుకోండి. ఎఫ్‌-18 (అందులో ఎక్కువగా వాడే రేడియోధార్మిక ఫ్లోరిన్) అర్ధాయువు, అంటే సగానికి తగ్గిపోయే సమయం, 110 నిమిషాలే. రెండు గంటలు లేటైతే సగానికి పైగా యాక్టివిటీ (రేడియోధార్మికత) పోయినట్టే. పేషెంట్ల వరుస తారుమారవుతుంది, మీరు ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. ఓవర్‌టైమ్ ఇస్తారా, సెలవుతో సరిపెడతారా? నోటిమాట చాలదు, కాగితం మీద ఉండాలి.

గామా కెమెరా (ఇంకో రకం న్యూక్లియర్ స్కానర్) ఉన్నచోట టెక్నీషియం జనరేటర్ ఎల్యూషన్ (జనరేటర్ నుంచి రేడియోధార్మిక టెక్నీషియం తీయడం), అందులో మాలిబ్డినం కలిసిందేమో చూసే పరీక్ష, కెమెరా యూనిఫామిటీ (అంతటా ఒకేలా పనిచేస్తోందా అన్న) పరీక్ష, ఇవన్నీ మొదటి పేషెంటుకు ఇంజెక్షన్ ఇచ్చేలోపే ముగించాలి. ఆ సమయం డ్యూటీ లెక్కలోకి వస్తుందో లేదో అడగండి.

ఇంజెక్షన్లు ఇచ్చే పనిని ఎంతమంది పంచుకుంటారన్నది జీతం కన్నా ముందు అడగాల్సిన మాట. అన్నీ ఒక్కరే ఇస్తే వేళ్లకు తగిలే రేడియేషన్, దాన్ని కొలిచే ఛాతీ బ్యాడ్జిలో కనిపించదు. వేలికి పెట్టుకునే రింగ్ బ్యాడ్జి కావాలి. సీటీ కూడా చేయగలిగినవాళ్లు గట్టిగానే బేరమాడవచ్చు.