కంపెనీ లెన్సా, థర్డ్ పార్టీయా? ముందు చేతిలో బాడీ ఏదో చూసుకోండి

సంపాదకులకు,

అయ్యా, పోయిన ఆదివారం మీ అనుబంధంలో పక్షుల ఫోటోలు తీసేవాళ్ళకి సలహా ఇస్తూ "డబ్బుంటే కంపెనీ లెన్సు, లేకపోతే థర్డ్ పార్టీ" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. కంపెనీ లెన్సంటే కెమెరా చేసినవాళ్ళదే, థర్డ్ పార్టీ అంటే సిగ్మా, టామ్రాన్ లాంటి బయటి కంపెనీలది. గుంటూరు, తెనాలి వైపు స్టూడియోలు పెట్టుకుని, వీలున్నప్పుడల్లా పక్షులు చేరే ఉప్పలపాడు చెరువు గట్టు మీద కెమెరాలు మోసే మాలాంటివాళ్ళు చదివి నవ్వుకుని ఊరుకుంటారు గానీ, కొత్తగా కొనబోయే కుర్రాళ్ళు ఆ మాట పట్టుకుని అప్పుచేసి మరీ కొంటారు, అందుకే ఈ ఉత్తరం. 600 మిల్లీమీటర్ల దాకా వెళ్ళే (ఈ అంకె పెరిగేకొద్దీ పక్షి దగ్గరగా కనిపిస్తుంది) ఈ పొడుగు జూముల్లో లెన్సు మీద ఎవరి పేరుందో తర్వాత చూడొచ్చు. మన దగ్గరున్న బాడీ, అంటే లెన్సు తీసేస్తే మిగిలే కెమెరా, ఆ లెన్సుని ఎంతవరకు పనిచేయనిస్తుందో ముందు తెలుసుకోవాలి.

అసలు ఈ లెన్సులు మామూలువాళ్ళ చేతికి వచ్చిందే థర్డ్ పార్టీ పుణ్యమా అని. సిగ్మా 150-500 లాంటివి ముందే ఉన్నాయి, కాదనను. కానీ 2013 చివర్లో టామ్రాన్ 150-600ని అమెరికాలో 1,069 డాలర్లకి పెట్టేసరికి కథ మారిపోయింది. అప్పటికి నికాన్‌లో 400 దాటాలంటే లక్షలు పోసి ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది) కొనాల్సిందే. మరుసటి ఏడాది సిగ్మా కూడా 150-600 ఒకటి కాదు, రెండు ప్రకటించింది, 'కాంటెంపరరీ' రెండు కిలోల లోపు, 'స్పోర్ట్స్' దాదాపు మూడు కిలోలు. 2015లో నికాన్ దిగివచ్చి 200-500ని 1,400 డాలర్లలోపు ఇచ్చింది. పోటీ లేకపోతే ఆ ధరకి ఇచ్చేదా? నాకైతే నమ్మకం లేదు. కాబట్టి కంపెనీ లెన్సు తప్ప ముట్టనన్నవాళ్ళు కూడా టామ్రాన్‌కి ఒక దణ్ణం పెట్టుకోవాలి.

కంపెనీ లెన్సు కళ్ళు మూసుకుని కొనొచ్చని మీ వ్యాసంలో ఉంది. ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. మన పక్క స్టూడియోల్లో ఇప్పటికీ నికాన్ డి90 కెమెరాలు బోలెడు. దాని మీద ఇందాక చెప్పిన నికాన్ 200-500 పెట్టి చూడండి, అపర్చర్, అంటే వెలుతురు వచ్చే కంత, మారదు, 5.6 దగ్గరే కూర్చుంటుంది (ఈ అంకె పెరిగితే కంత చిన్నదవుతుంది), ఎందుకంటే ఆ లెన్సులో అపర్చర్‌ని కరెంటుతో నడుపుతారు, డి90 కాలం నాటి బాడీలకి ఆ సంగతి తెలియదు. లెన్సూ బాడీ ఒకే కంపెనీవి, డబ్బాలు కూడా ఒకే రంగు, అయినా సగం పనే. నికాన్‌లోనే ఏఎఫ్-పీ 70-300 అయితే డి90 మీద ఆటోఫోకస్ కూడా చెయ్యదు. ఇది కౌంటర్లో ఎంతమంది చెబుతారు?

థర్డ్ పార్టీవాళ్ళ తంటాలు వేరే రకం. కంపెనీ బాడీతో మాట్లాడే భాష వాళ్ళకి చాలాసార్లు ఎవరూ నేర్పరు, వాళ్ళే తంటాలుపడి పట్టుకోవాలి, కొత్త బాడీ వచ్చిన ప్రతిసారీ ఆ భాష కొంచెం మారుతుంది. నికాన్ 2018లో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) జెడ్ బాడీలు, వాటికి పాత లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరూ తెచ్చినప్పుడు టామ్రాన్ తన లెన్సులు కొన్నిటికి ఫర్మ్‌వేర్ (లెన్సు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇవ్వాల్సి వచ్చింది. రెండో తరం 150-600 అయితే 'టాప్-ఇన్ కన్సోల్' అనే చిన్న డాక్ పెట్టి ఇంట్లోనే అప్‌డేట్ చేసుకోవచ్చు, మొదటి తరానికి ఆ డాక్ పనిచెయ్యదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఎగబడేముందు అది ఏ తరమో అడగండి, మీ బాడీ తీసుకెళ్ళి దాని మీదే పెట్టి చూడండి.

సోనీ సంగతి ఇంకోలా ఉంటుంది. తన ఈ-మౌంట్ (బాడీకి లెన్సు తగిలే మూతిని మౌంట్ అంటారు) వివరాలు 2011లోనే బయటివాళ్ళకి ఇచ్చేసింది, అందుకే అక్కడ థర్డ్ పార్టీ లెన్సులు కుప్పలు. కానీ గేటు పూర్తిగా తియ్యలేదు. సోనీ ఏ1 బాడీ మీద సొంత లెన్సుతో సెకనుకి 30 ఫ్రేములొస్తే సిగ్మా, టామ్రాన్‌లతో 15 దగ్గర ఆగిపోతుంది, వాటికి టెలికన్వర్టర్ (ఇంకా దగ్గరగా చూపించే అదనపు లెన్సు) కూడా వెయ్యలేం. వినడానికి ఘోరంగానే ఉంటుంది గానీ, మీ దగ్గరున్నది ఏ7 ఫోర్ అయితే అది ఎలాగూ 10 దాటదు, మీకు ఆ గొడవే లేదు! అప్పుడు సోనీ 200-600 (2019లో వచ్చినప్పుడు దాదాపు 2,000 డాలర్లు) కొనాలా, సిగ్మా 150-600 (2021లో వచ్చినప్పుడు దాదాపు 1,500) కొనాలా అన్నది ఫ్రేముల లెక్క కాదు, చేతి సౌకర్యం లెక్క. బరువులో రెండూ దాదాపు ఒకటే, రెండు కిలోల పైచిలుకు. సోనీది జూమ్ చేసినా పొడుగు పెరగదు, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద ముందుకి వాలదు, జూమ్ రింగు కొంచెం తిప్పితే చాలు. ఆ సుఖానికి తేడా డబ్బు ఇవ్వొచ్చా అంటే, తరచూ వెళ్ళేవాళ్ళు ఇవ్వొచ్చనే అంటాను.

కెనాన్ తన కొత్త ఆర్‌ఎఫ్ మౌంట్ తలుపు మాత్రం చాలాకాలం మూసే ఉంచింది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లకి లైసెన్సు ఇచ్చినా మొదలుపెట్టింది చిన్న సెన్సార్ బాడీల చిన్న జూములతోనే. పక్షుల కోసం పొడుగు జూమ్ కావాలంటే పాత ఈఎఫ్ మౌంట్ సిగ్మాని అడాప్టర్ మీద పెట్టుకోవాలి, లేదా కెనాన్‌దే కొనాలి. ఇక్కడ తమాషా ఏంటంటే కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 కేవలం 635 గ్రాములు, అమెరికాలో 650 డాలర్లకి వచ్చింది. చవక లెన్సంటే థర్డ్ పార్టీయే అని మీరు రాసిన లెక్క అక్కడే తిరగబడింది. 400 దగ్గర అపర్చర్ 8 కాబట్టి తెల్లవారుజామున కష్టమే, అది వేరే మాట.

ఇక పోల్చేవాళ్ళు ఎంతసేపూ షార్ప్‌నెస్ అంటారు, ఉప్పలపాడులో గూడబాతు కొమ్మ మీంచి లేచేటప్పుడు చెయ్యి ఏం చేస్తుందో ఎవరూ రాయరు. 600 దగ్గర తల నిండా ఫ్రేములో పెట్టుకుని కూర్చుంటాం, అది మెడ ముడిచి రెక్కలు విప్పే లోపు 300కి వెనక్కి రావాలి, లేకపోతే రెక్కల చివర్లు తెగిపోతాయి. నికాన్ అలవాటున్న చేతికి సిగ్మా రింగు తిరగేసి ఉంటుంది, కెనాన్ వైపు తిరుగుతుంది. టామ్రాన్ అయితే నికాన్ వైపే. ఆ అర సెకనులో మెదడు పనిచెయ్యదు, చెయ్యి పాత వైపే తిప్పుతుంది. నికాన్ 200-500ది దిక్కు సరిగ్గానే ఉంటుంది గానీ, రింగు ఎంత దూరం తిరగాలంటే ఒక్క పట్టున అందదు, చెయ్యి మార్చి పట్టుకోవాలి. అంటే ఏ పేరు కొన్నా ఒక మెలిక ఉంది.

వెలుతురు లెక్క చిన్నదే. 5.6కీ 6.3కీ తేడా స్టాపులో (వెలుతురు రెట్టింపయ్యే మెట్టులో) మూడో వంతు, ఐఎస్‌ఓ (సెన్సార్ వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600 బదులు 2000, దానికి ప్రాణం పెట్టక్కర్లేదు. 500 బదులు 600 ఉంటే పక్షి ఫ్రేములో దాదాపు ఒకటిన్నర రెట్ల జాగా నింపుతుంది, అది మాత్రం కంటికి తెలుస్తుంది. 600 దగ్గర చవక జూములు కాస్త మెత్తగా ఉంటాయి, 8కి మూస్తే బాగుపడతాయి. అయితే ఎండెక్కాక చెరువు మీద గాలి మరుగుతున్నట్టు కదులుతూ ఉంటే ఏ లెన్సూ బాగుపడదు, పదింటికి తీసిన ఫోటో చూసి లెన్సుని తిట్టే వాళ్ళెంతమందో. ముందు లెన్సుకి బిగించిన రెండు వందల రూపాయల యూవీ ఫిల్టర్ అద్దం తీసేసి చూడండి బాబూ.

ఇంకో సంగతి. హైదరాబాద్‌లో ఒక షాపులో మా కుర్రాడికి "బయటి లెన్సు పెడితే బాడీ మోటారు కాలిపోతుంది" అని చెప్పి భయపెట్టారు. ఈ లెన్సుల్లో ఫోకస్ మోటారు లెన్సులోనే ఉంటుంది, బాడీలో కాలేదేముంది? అలాంటి కబుర్లు అక్కర్లేదు గానీ, సర్వీస్ సెంటర్ ఎక్కడుంది, స్పేర్ పార్టు రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది అనేవి మాత్రం గట్టిగా అడగాలి. అమెరికాలో ఉన్న బావమరిదితో తెప్పించేవాళ్ళకైతే ఒక మాట, చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే, వారంటీ కార్డు ఫోటో తీసి పంపమని ముందే చెప్పండి. మళ్ళీ అమ్మేటప్పుడు కంపెనీ లెన్సుకి ధర బాగా పలుకుతుంది, ఇది ఒప్పుకోవాలి. పెళ్ళిళ్ళకి 70-200 కొనేవాళ్ళయితే, రోజూ దాని మీదే కూడు కాబట్టి, నేను కంపెనీదే కొనమంటాను.

మీరు ఇకముందు లెన్సుల గురించి రాస్తే ధర పక్కన ఏ మౌంట్, ఏ బాడీ మీద వాడి చూశారో ఒక ముక్క వెయ్యండి. అన్నట్టు, మీ వ్యాసంతో వేసిన గూడబాతు ఫోటో చాలా బాగుంది. అది ఏ లెన్సుతో తీశారో రాయలేదేం?

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెనాలి