కాంగ్ వెళితే కోటతో ఆగిపోవద్దు

సంపాదకులు గారికి,

ఐర్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి హైదరాబాద్ నుంచి ఎందరో తల్లిదండ్రులు వెళ్లి వస్తున్నారు. కాంగ్ అనే పల్లె గురించి వాళ్లకు ఎవరైనా చెబితే యాష్‌ఫర్డ్ కోట గురించే చెబుతారు. గాల్వే నగరానికి ఉత్తరాన, మేయో కౌంటీ అంచున ఉన్న ఈ ఊళ్లో కోట కన్నా ముందు చూడాల్సింది నీళ్లు నిలవని ఒక కాలువ.

ఉత్తరాన మాస్క్ సరస్సు, దక్షిణాన కొరిబ్ సరస్సు, నడుమ సన్నటి నేల మీద కాంగ్. మాస్క్ మట్టం కొరిబ్ కన్నా సుమారు 10 మీటర్లు ఎత్తు. రెండింటినీ పడవల కాలువతో కలపడానికి 1848లో పని మొదలైంది. బంగాళాదుంప పంట కుళ్లిపోయి జనం ఆకలితో చనిపోతున్న రోజులవి. వాళ్లకు కూలి దొరికేలా చూడడం కూడా ఈ పని ఉద్దేశాల్లో ఒకటి. రాతిని తొలిచారు, లాకులకు చెక్కుడు రాళ్లతో గోడలు లేపారు. నీళ్లు మాత్రం నిలవలేదు. ఈలోగా 1851లో గాల్వేకి రైలు వచ్చింది. 1854లో కాలువ పని ఆపేశారు.

తప్పు కూలీలది కాదు, కింద ఉన్నది సున్నపురాయి. బొగ్గుపులుసు వాయువు కలిసిన వాననీరు పగుళ్లలోకి దిగి ఆ రాతిని కరిగిస్తూ పోతుంది, కాలం గడిచేకొద్దీ పగుళ్లు సొరంగాలవుతాయి. మన బెలూం గుహలూ సున్నపురాయి కరిగి ఏర్పడినవే. మాస్క్ నీళ్లు చాలావరకు ఆ సొరంగాల్లోంచే పారి కాంగ్ దగ్గర ఊటలై పైకి వస్తాయి. అలాంటి నేలలో అడుగున బంకమన్ను పరిచి దిమ్మిస కొట్టకుండా కాలువ తవ్వితే, అందులోకి వచ్చిన నీళ్లూ అదే దారి పడతాయి. చలికాలం వానలకు భూగర్భ జలం పైకి వచ్చినప్పుడు కాలువలో నీరు కనిపిస్తుంది. లాకు గోడలను కింది వరుస దాకా చూడాలంటే ఎండ కాసే రోజుల్లో వెళ్లాలి. దగ్గర్లోని పిజన్ హోల్ గుహలోకి దిగితే నేల కింద పారే నీళ్లు వినిపిస్తాయి. మెట్లు జారుతాయి కాబట్టి టార్చి, పట్టున్న బూట్లు తప్పనిసరి.

ఊళ్లోని అగస్టీనియన్ మఠం 12వ శతాబ్దిది. ఐర్లండ్ చివరి మహారాజు రోరీ ఓకానర్ 1198లో ఇక్కడే కన్నుమూశాడు, సమాధి మాత్రం క్లోన్‌మక్‌నాయిస్‌లో ఉంది. మఠంలోని తోరణాలన్నీ పాతవి అనుకోవద్దు, కొన్ని 19వ శతాబ్దిలో తిరిగి కట్టినవి. రోరీ తండ్రి టర్లక్ 1123లో చేయించిన కాంగ్ శిలువ డబ్లిన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది, అక్కడ ప్రవేశం ఉచితం. నది మీద సన్యాసులు కట్టుకున్న చేపల ఇంటిని వదిలేయకండి. గాలం వేయడానికి నేలలోనే రంధ్రం ఉంచారు. చేప పడగానే వంటింట్లో గంట మోగేలా తాడు కట్టేవారని ఊరివాళ్లు చెబుతారు.

కోట సంగతి క్లుప్తంగా: మూలం 1228 నాటిది, 1852లో గిన్నిస్ కుటుంబం కొన్నది, 1939 నుంచి హోటలు.

విఫలమైన కాలువను కూడా కాంగ్ తన చూడదగ్గ వాటిలో చేర్చుకుంది. మనది గ్రానైటు నేల. 1562 నాటి హుస్సేన్‌సాగర్ మొదలు పల్లె చెరువుల దాకా ఇన్నేళ్లు నీళ్లు పట్టి ఉంచాయి. అయినా మన చెరువు కట్టల మీద ఆ వివరం చెప్పే బోర్డు కనిపించడం అరుదు. మీ జిల్లా పేజీల్లో వారానికొక ఊరి చెరువు గురించి వేయండి. కట్టించింది ఎవరు, శాసనం ఉంటే ఎక్కడుంది, తూములు ఎన్ని, మత్తడి దూకిన నీళ్లు ఏ చెరువుకు పోతాయి, కట్టమైసమ్మ గుడి ఎటువైపు ఉంది అన్నవి చాలు. గ్రామ పటం రెవెన్యూ కార్యాలయంలో, ఆయకట్టు లెక్క నీటిపారుదల శాఖలో అడగవచ్చు. మిగతావి ఊరి పెద్దలే చెబుతారు. ఫొటోలు వేసవిలో తీయించండి, తూము రాళ్లు అడుగుదాకా కనిపిస్తాయి.

— ఒక పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్