తుప్పు తినేసిన హీటర్ గొట్టాలు

అమలాపురం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మా నాన్నగారి పాత కారు ఇంకా నడుస్తున్నదా అని అడిగావు. నడుస్తున్నది, కానీ పోయిన నెలంతా నన్ను కలవరపెట్టింది. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, దాని మట్టం వారం వారం తగ్గిపోతున్నా, కారు నిలిపిన చోట నేల మీద చుక్కైనా కనిపించేది కాదు. రాజమహేంద్రవరం నుంచి తిరిగివస్తూ రావులపాలెం వంతెన దాటేసరికి వేడిని చూపే ముల్లు ఎప్పుడూ లేనంత పైకి లేచింది. వెంటనే చెట్టు నీడన ఆపేశాను.

ఇంజన్ పూర్తిగా చల్లారాక టార్చి వేసి వెతికితే, డాష్‌బోర్డు వెనుక ఉన్న హీటర్‌కు వేడి కూలెంట్‌ను తీసుకుపోయి తిరిగి తెచ్చే రెండు ఇనుప గొట్టాలలో ఒకదాని మీద, సరిగ్గా రబ్బరు హోసు తొడిగి క్లిప్పు బిగించిన చోట, తుప్పు పొక్కులు కట్టి ఉంది. స్క్రూడ్రైవర్ మొన తాకగానే అప్పడంలా విరిగింది. కారిన చుక్క వేడి ఇంజన్ మీదే ఆవిరైపోతుంటే నేలెలా తడుస్తుంది?

‘మన కోనసీమలో హీటరెందుకండీ, ఆ రెండు హోసులూ కలిపేద్దాం’ అన్నాడు మెకానిక్. నాకు మనసొప్పలేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలువ గట్టు వెంట వెళ్ళేటప్పుడు అద్దానికి లోపలివైపు పట్టే తేమను ఆరబెట్టేది ఆ వెచ్చని గాలే కదా. పక్కనే కాలువ ఉన్న దారిలో అద్దం మసకబారితే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పనక్కరలేదు.

తప్పు మాదే. మట్టం తగ్గినప్పుడల్లా ఏళ్ళ తరబడి ఉప్పదనమున్న బోరు నీళ్ళు పోశాము. కూలెంట్‌లో తుప్పును అడ్డుకునే మందులు అలా పలచబడిపోతాయి, నీటిలోని ఉప్పు ఇనుమును లోపలి నుంచి గుంటలు గుంటలుగా తినేస్తుంది.

పాత గొట్టాలనే నమూనాగా ఇచ్చి లేత్ షాపులో స్టెయిన్‌లెస్ స్టీలుతో కొత్తవి చేయించాను. హోసు జారిపోకుండా చివరల్లో ఉబ్బెత్తు అంచు తప్పక ఉండాలని పట్టుబట్టాను. అతుక్కుపోయిన పాత హోసులను గుంజనివ్వలేదు, బ్లేడుతో నిలువునా కోయించాను, ఎందుకంటే గుంజితే హీటర్ తాలూకు పలుచని మూతులు చిట్లుతాయి, అప్పుడు డాష్‌బోర్డంతా విప్పాల్సి వస్తుంది. తరువాత హీటర్‌లోకి మెల్లగా ఇటునుంచీ అటునుంచీ మంచినీరు పంపితే కాఫీ రంగు బురద ఎంత వచ్చిందో! నీరు తేటపడ్డాకే కొత్త హోసులు, కొత్త క్లిప్పులు బిగించి, డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం కలిపి నింపాము. కూలెంట్ పోసే చోటి మూత తీసే ఉంచి చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసి, హీటర్ మీటను పూర్తి వేడికి తిప్పి ఉంచితే, లోపల చిక్కిన గాలి బుడగలు బుడగలుగా బయటికి వచ్చేసింది.

మూడు వారాలైంది. మట్టం గీత దగ్గరే ఉంది. నీ కారు కూడా దాదాపు ఈ వయసుదే కనుక, ఈ ఆదివారం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ క్లిప్పుల కింద ఒకసారి వేలితో తడిమి చూసి, ఏం తగిలిందో నాకు రాయి.

నీ మిత్రుడు