మూడో వరసలో కూర్చుని చూడు

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. అంతా హార్స్‌పవర్, స్పీకర్లు, సన్‌రూఫ్ గోలే. ఏడుగురి కోసం కొంటున్న బండి గురించి అంత రాసి, ఆ ఏడో మనిషి ఎక్కడ ఇరుక్కుంటాడో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నీకు మెర్సిడెస్ జీఎల్ఎస్ మీద మనసుంది, చెల్లెమ్మకి వోల్వో ఎక్స్‌సీ90 నచ్చింది, మీ తమ్ముడేమో బీఎండబ్ల్యూ ఎక్స్7 అంటున్నాడు. అవునా? ముగ్గురూ చూసింది స్టీరింగ్ ముందున్న సీట్లోంచే అని నాకు గట్టి అనుమానం.

షోరూములో ఎవరైనా ముందు డ్రైవర్ సీట్లోనే కూర్చోబెడతారు. అక్కడ కూర్చుంటే ఈ తరగతిలో చెత్త బండంటూ ఏదీ ఉండదు. నువ్వు మాత్రం నేరుగా వెనక్కి వెళ్లు. రెండో వరస సీటుని నీ మోకాళ్లకి సరిపడా జరుపుకుని, దాని వెనక మూడో వరసలో నువ్వే కూర్చో. రెండో వరసని పూర్తిగా ముందుకి తోసేసి ‘చూశారా సార్, ఎంత చోటో’ అంటారు. ఆ చోటు ఎవరి కాళ్ల దగ్గర కోసి తెచ్చారో చూసుకోవాలి కదా.

కూర్చున్నాక నీ తొడలు చూసుకో. తొడ కింద సీటు తగలకుండా మోకాళ్లు పైకి లేచి ఉంటే, ఆ సీటు నేలకి మరీ దగ్గరగా ఉన్నట్టు. పావుగంట తర్వాత బరువంతా నడుము మీద పడుతుంది. పాదాలు ముందు సీటు కిందికి దూరుతున్నాయా, తలకీ వెనక అద్దానికీ మధ్య ఎంత ఖాళీ ఉంది, ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందా అన్నవి కూడా చూడు. గుద్దుకుంటే కిటికీల పక్కన తెరలా తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరసదాకా ఉందో లేదో అడుగు. దీనికి ‘ఉంటుంది సార్’ అంటే వదలకు, బ్రోషర్‌లో చూపించమను.

కంపెనీలు చెప్పే మాటల్లోనే తేడా తెలిసిపోతుంది. మూడో వరసలో 1.94 మీటర్ల మనిషి కూడా కూర్చోవచ్చని మెర్సిడెస్ జీఎల్ఎస్ గురించి చెప్పుకుంటుంది. వోల్వో మాత్రం ఎక్స్‌సీ90కి 170 సెంటీమీటర్లే అంటుంది. వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, చూసినా అంతే: జీఎల్ఎస్‌కి 3,135 మిల్లీమీటర్లు, ఎక్స్7కి 3,105, ఎక్స్‌సీ90కి 2,984. ఆ పదిహేను సెంటీమీటర్ల తేడా ఎక్కువగా వెనకవాళ్ల మోకాళ్ల దగ్గరే తెలుస్తుంది. వోల్వోని నేను తక్కువ చేయట్లేదు, అది ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. మీ పెద్దాడు ఇప్పటికే చెల్లెమ్మ భుజం దాటాడన్నావుగా, ఇంకో రెండేళ్లలో వాడి సంగతేంటో ఆలోచించుకో.

ఇక ఎక్కడం దిగడం. చిన్నదానికి చైల్డ్ సీటు ఉందిగా, షోరూముకి దాన్ని కూడా పట్టుకెళ్లు, సిగ్గుపడకు. రెండో వరసలో చైల్డ్ సీటు తగిలించడానికే ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకి దాన్ని బిగించాక, చాలా బళ్లలో ఆ సీటు ముందుకి వాలదు. అంటే ఆ వైపునుంచి మూడో వరసకి దారి మూసుకుపోయినట్టే. అందుకే దాన్ని డ్రైవర్ వెనక బిగించి, ఫుట్‌పాత్ వైపు దారి వదలాలి. ఆరు సీట్ల బండిలో అయితే రెండో వరసలోని రెండు విడి సీట్ల (కెప్టెన్ సీట్లంటారు) మధ్యనుంచి పిల్లలు నడిచి వెనక్కి పోతారు. నన్నడిగితే మీ ఇంటికి ఆరు సీట్లదే నయం, కాకపోతే ఒక మనిషి తగ్గుతాడు. ఇంకో సంగతి, జీఎల్ఎస్, ఎక్స్7ల్లో రెండో వరస మోటారు మీద జరుగుతుంది. బటన్ నొక్కి అది నింపాదిగా కదిలేదాకా వానలో నిలబడి ఊహించుకో. ఎక్స్‌సీ90లో చేత్తో లాగితే పని అయిపోతుంది. అందులో మధ్య సీట్లోంచి పైకి లేచే బూస్టర్ కుషన్ కూడా కొన్ని వేరియంట్లలో వస్తుంది. పిల్లలున్న ఇంటికి అది సన్‌రూఫ్ కంటే వెయ్యి రెట్లు మేలు.

అమ్మ మోకాళ్ల సంగతి మర్చిపోకు. ఎయిర్ సస్పెన్షన్ (గాలితో బండి ఎత్తు పెంచి తగ్గించేది) ఉన్న బండిని కిందికి దించి ఒకసారి, మామూలు ఎత్తులో ఒకసారి ఆవిడని ఎక్కించి చూడు.

డిక్కీ గురించి ఒక్క మాట. మూడు వరసలూ నిలబెట్టి ఉంచితే జీఎల్ఎస్‌లో మిగిలేది 355 లీటర్లు, ఎక్స్7లో ఇంకా తక్కువ. అయిదు మీటర్లు దాటిన బళ్లు రా ఇవి! ఏడుగురు మనుషులా, ఏడుగురి సామానా అంటే చాలాసార్లు ఏదో ఒకటే. ఆడీ క్యూ7 ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు చార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్నది) మీద కూడా కన్నేశావు కదా, అందులో మూడో వరసే లేదు, అయిదు సీట్లే. బ్యాటరీ డిక్కీ కిందికి చేరింది. వోల్వో తన ప్లగ్-ఇన్ బ్యాటరీని బండి నేల మధ్యలో పొడుగ్గా ఉబ్బెత్తుగా ఉండే టనెల్‌లో పెట్టి ఏడు సీట్లూ నిలబెట్టుకుంది.

ఎవరూ పట్టించుకోనిది బరువు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క పిల్లర్ దగ్గర ఒక ప్లేటో స్టిక్కరో ఉంటుంది. బండీ, మనుషులూ, సామానూ కలిపి మొత్తం ఎంత బరువు ఉండొచ్చో అందులో చూసి, కాగితాల్లోని ఖాళీ బండి బరువు తీసెయ్. మిగిలేదే మీ కోటా. మనిషికి 70 కిలోలనుకున్నా ఏడుగురికి 490 కిలోలు అక్కడే అయిపోతాయి, ఇంకా సామాను ఎక్కనే లేదు. యూరప్ లెక్కలో ఖాళీ బండి బరువులోనే 75 కిలోల డ్రైవర్ని కలిపేస్తారు, కాబట్టి ఏ లెక్కో అడిగి తెలుసుకో. టైర్లకి ఫుల్ లోడుకి వేరే గాలి ఒత్తిడి రాసి ఉంటుంది. ఏడుగురూ ఎక్కే రోజు అంత గాలి కొట్టించాల్సిందే.

టైర్లంటే గుర్తొచ్చింది, 22 అంగుళాల చక్రాల మోజు వదులుకో. 20 అంగుళాల చక్రానికి వేసే 275/50 ఆర్20 టైరుకి సైడ్‌వాల్, అంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు ఎత్తు, 137 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, 22 అంగుళాల 285/40 ఆర్22కి 114. ఆ రబ్బరు తగ్గితే కుదుపు పెరుగుతుంది. మూడో వరస దాదాపు వెనక ఇరుసు మీదే కాబట్టి ప్రతి గుంతా గట్టిగా తగిలేది అక్కడ కూర్చున్నవాళ్లకే. నీకేమో ముందు సీట్లో అంతా మెత్తగానే ఉంటుంది, వెనకనుంచి ‘నాన్నా, వాంతొస్తోంది’ అని వినబడేదాకా.

టెస్ట్ డ్రైవ్‌కి సేల్స్ కుర్రాడితో ఒక్కడివే పోకు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకో. రెండున్నర టన్నుల బండి, పైన అరటన్ను మనుషులు. బ్రేకు ఎలా పడుతోంది, మలుపులో ఎంత ఒరుగుతోంది అన్నది అప్పుడే తెలుస్తుంది. సగం దారి నువ్వు వెనక కూర్చుని తమ్ముడి చేత నడిపించు. ఏసీ కూడా కదులుతూనే మార్చి చూడు. ఎక్స్7లో, ఎక్స్‌సీ90లో ఆ సంగతంతా దాదాపు టచ్ స్క్రీన్‌లోకే పోయింది. జీఎల్ఎస్‌లో ఇంకా బటన్లున్నాయి, నాకదే ఇష్టం.

నా ఓటు అడిగావు కాబట్టి చెప్తున్నా. వెనక పెద్దవాళ్లు తరచూ కూర్చునేటట్టయితే జీఎల్ఎస్. స్టీరింగ్ సరదా నీకు అంత ముఖ్యమైతే ఎక్స్7. మూడో వరస ఎప్పుడో ఒకసారి, అదీ పిల్లలకే అయితే చెల్లెమ్మ మాట విను. పెద్దాడి ఎత్తు, అమ్మ ప్రయాణాలు తలుచుకుంటే మీకు జీఎల్ఎసే అనిపిస్తోంది, అదీ చిన్న చక్రాలతో. చెల్లెమ్మకి మాత్రం నా పేరు చెప్పకు.

ఏ బండి చూసినా ఆ తలుపు దగ్గరి స్టిక్కర్ ఫొటో తీసి పంపు, లెక్క నేను వేస్తా. అడ్వాన్స్ కట్టేముందు ఫోన్ చెయ్యి. అమ్మకి, నాన్నకి నా నమస్కారాలు.

నీ
మామ