ఫోన్ పెట్టె మీద ఆ తేదీ కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే సాంకేతిక పేజీని నేను వదలకుండా చదువుతాను. కొత్త ఫోన్ విడుదలైతే కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లదో, బ్యాటరీ సామర్థ్యం ఎంతో, తెర ఎండలో ఎలా కనిపిస్తుందో, ఏయే రంగుల్లో దొరుకుతుందో అన్నీ అందులో ఉంటాయి. ఆ ఫోన్‌కు కంపెనీ ఎప్పటివరకు సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను సరిచేసే భద్రతా సవరణలు, ఇస్తుందన్న ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా కనిపించదు. కొనేవారు అడగరు, అమ్మేవారు చెప్పరు. రాసేవారు కూడా పట్టించుకోకపోతే ఇక ఆ సంగతి సామాన్యులకు తెలిసే దారేది? డబ్బు లావాదేవీలు, ఆరోగ్య వివరాలు, పిల్లల ఫొటోలు, ఆఫీసు మెయిళ్లు అన్నీ ఇవాళ ఫోన్‌లోనే ఉంటున్నాయి కాబట్టి, కెమెరా సంగతి కంటే ముందు తెలుసుకోవలసినది ఆ తేదీయే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా నాన్నగారి ఫోన్ చూడటానికి ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. తెర మీద ఒక్క గీత లేదు, ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజంతా వస్తుంది. బ్యాంకు యాప్ ఏదో హెచ్చరిక చూపిస్తోందని ఆయన అంటే సెట్టింగ్స్ తెరిచి చూశాను. సిస్టమ్ అప్‌డేట్ అన్నచోట నొక్కగానే ఆకుపచ్చ టిక్కు గుర్తు, దాని కింద మీ సిస్టమ్ తాజాగా ఉందన్న సందేశం వచ్చాయి. అదే సెట్టింగ్స్‌లో ఫోన్ గురించిన వివరాల్లోకి వెళ్లి ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కితే, ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ అన్న వరుస కనిపించింది. అక్కడున్న తేదీ మూడేళ్ల కిందటిది. ఈ రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. కంపెనీ పంపిన ఆఖరి అప్‌డేట్ ఫోన్‌లో ఉంది కనుక మొదటిది నిజం, ఆ ఆఖరిది వచ్చి మూడేళ్లయింది కనుక రెండోదీ నిజం. కానీ ఆ ఆకుపచ్చ గుర్తు చూసి నిశ్చింతగా కూర్చున్న పెద్దాయనకు జరిగినది మోసం కాక మరేమిటి? ఈ ఫోన్‌కు ఇకమీదట భద్రతా సవరణలు రావు అన్న ఒక్క ముక్కను అదే తెర మీద చూపించడం కంపెనీకి ఏమంత కష్టమో నాకు అర్థం కాలేదు.

ఫోన్ బాగానే పనిచేస్తోంది కదా, అప్‌డేట్ రాకపోతే కొంప మునిగేదేముంది అని చాలామంది అంటారు. సాఫ్ట్‌వేర్ వాడేకొద్దీ అరిగిపోయేది కాదన్నది నిజమే. అయితే దానిలోని లోపాల గురించి బయటివారికి తెలిసినది మాత్రం రోజురోజుకూ పెరుగుతూ ఉంటుంది. పైగా ఒక లోపానికి సవరణ విడుదలైన రోజునే ఆ లోపం ఎక్కడుందో కూడా బయటపడినట్టే లెక్క, ఎందుకంటే పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చితే ఏ వరుసలు మార్చారో పని తెలిసినవారు సులువుగా పట్టేస్తారు. అందువల్ల సవరణ అందిన ఫోన్ ఆ రోజు నుంచి కుదుటపడుతుంది, అందని ఫోన్ నిన్నటి కంటే ఎక్కువ ప్రమాదంలో పడుతుంది. కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వన్నాక్రై అన్న వైరస్ దాడి 2017లో ఇలాగే జరిగింది. విండోస్‌లోని ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న సవరణ విడుదల చేసింది. మే 12న దాడి మొదలై 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది, బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మధ్యలో ఉన్న రెండు నెలల్లో సవరణ వేసుకున్నవారు బయటపడ్డారు. విండోస్ పాత వెర్షన్ అయిన ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే మద్దతు ముగిసింది కాబట్టి, దాన్ని వాడుతున్నవారికి అసలు ఆ అవకాశమే లేకపోయింది. దాడి మొదలయ్యాకే వారి కోసం కంపెనీ ప్రత్యేకంగా సవరణ విడుదల చేసింది.

ఫోన్ల విషయంలో ఈ మేలుకొలుపు అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. 2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ అన్న పేరుతో ఆండ్రాయిడ్ లోపాలు కొన్ని బయటపడ్డాయి. వీడియోలను చదివే భాగంలో ఉన్న ఆ లోపాల వల్ల, కేవలం ఫోన్ నంబర్ తెలిస్తే చాలు, ఒక మల్టీమీడియా సందేశం పంపి, అవతలివారు దాన్ని తెరవకముందే ఫోన్‌లోకి చొరబడే వీలుండేది. ఆనాడు వాడుకలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో అత్యధిక భాగానికి ఈ ముప్పు వర్తించింది. ఆ మరుసటి నెల నుంచే గూగుల్ నెలనెలా భద్రతా సవరణలు విడుదల చేయడం మొదలుపెట్టింది. మా నాన్నగారి ఫోన్‌లో నేను చూసిన తేదీ ఆ నెలవారీ సవరణలదే.

గూగుల్ విడుదల చేసినంత మాత్రాన సవరణ మన చేతికి రాదు. చిప్ తయారుచేసిన సంస్థ తన వంతు భాగాన్ని సరిదిద్దాలి, ఫోన్ కంపెనీ దాన్ని తన మార్పులతో కలిపి ఒక్కో మోడల్ మీద విడివిడిగా పరీక్షించాలి, కొన్ని దేశాల్లో నెట్‌వర్క్ సంస్థ కూడా అనుమతి ఇవ్వాలి. ఫోన్ అమ్మినప్పుడు ఒక్కసారి డబ్బు వస్తుంది, ఈ పని మాత్రం ఏళ్ల తరబడి ఖర్చు పెడుతూనే ఉంటుంది. చిప్ సంస్థ చేతులెత్తేస్తే ఫోన్ కంపెనీ తలచుకున్నా చేయగలిగింది తక్కువే. ఈ ఇబ్బందులన్నీ నిజమేనని ఒప్పుకుంటాను. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలను ప్లే స్టోర్ దారిలో గూగుల్ నేరుగా సరిచేస్తోందని, బ్రౌజర్ వంటి యాప్‌లకు పాత ఫోన్లలో కూడా కొంతకాలం అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని కూడా తెలుసు. కానీ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, చిప్‌ను నడిపించే డ్రైవర్లు, సిగ్నల్ అందుకునే మోడెమ్ సాఫ్ట్‌వేర్ వంటి లోతైన భాగాలు ఆ దారిలో సరికావు. కంపెనీ ఎన్నేళ్లు ఇవ్వగలదో అన్నేళ్లే ఇవ్వనివ్వండి. ఆ లెక్క కొనకముందు చెప్పాలన్నదే నా మాట. మందుల షీటు మీద గడువు తేదీ లేకుండా ఎవరూ కొనరు. అంతకంటే ఎన్నో రెట్లు ఖరీదైన ఈ వస్తువును మాత్రం ఆ ప్రశ్నే వేయకుండా కొంటున్నాం.

చెప్పే కొద్దిమంది కూడా ఏళ్లలో చెబుతారు, తేదీ చెప్పరు. ఇందులోనే పెద్ద చిక్కుంది. నాలుగేళ్ల అప్‌డేట్లు అని ప్రకటనలో ఉంటే, కొన్న రోజు నుంచి నాలుగేళ్లని ఎవరైనా అనుకుంటారు. సాధారణంగా ఆ లెక్క మోడల్ మొదటిసారి మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. విడుదలైన రెండేళ్లకు, ధర తగ్గిందని సంతోషపడి అదే ఫోన్ కొన్నవారికి మిగిలేది రెండేళ్లే. ఇక వాడిన ఫోన్‌ను బాగుచేసి తిరిగి అమ్మేచోట కొన్నవారికి ఆ పాటి కూడా మిగలకపోవచ్చు. అంటే కొత్త మోడల్‌ను మొదటి వారంలోనే పూర్తి ధరకు కొనగలిగినవారికి పూర్తి రక్షణ, ఆచితూచి ఖర్చు పెట్టేవారికి సగం రక్షణ దక్కుతున్నాయి. తగ్గింపు ధరను పెద్ద అక్షరాల్లో వేసే అమ్మకందారు ఆ తగ్గింపుతో పాటు తగ్గిపోయిన ఆయుష్షును చిన్న అక్షరాల్లోనైనా వేయడు. ఈ ఏర్పాటులోని అన్యాయం నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధిస్తోంది.

ఎక్కువ కాలం ఇవ్వడం అసాధ్యమన్న వాదన ఇప్పుడు నిలవదు. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 ఆరంభంలో గెలాక్సీ ఎస్24తో శామ్‌సంగ్ 7 ఏళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. అవి ఖరీదైన ఫోన్లు కదా అనుకుంటే, అదే 2024లో తక్కువ ధరలో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి శామ్‌సంగ్ 6 ఏళ్లు ప్రకటించింది. ఆపిల్ 2013లో తెచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా ఒక భద్రతా సవరణ పంపింది. అది మెచ్చుకోదగ్గదే అయినా, అంతకాలం వస్తుందని 2013లో కొన్నవారికి ఎవరూ మాట ఇవ్వలేదు. దయతలచి పంపిన సవరణకూ ముందుగా ఇచ్చిన మాటకూ చాలా తేడా ఉంది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మద్దతు ముగిసినప్పుడు, విండోస్ 11కు కావలసిన హార్డ్‌వేర్ లేని కంప్యూటర్ల సొంతదారులు ఇబ్బంది పడిన మాట వాస్తవమే. కానీ ఆ తేదీని మైక్రోసాఫ్ట్ ఏళ్ల ముందే ప్రకటించి ఉంచింది కాబట్టి, తెలుసుకోవాలనుకున్నవారికి సిద్ధపడే వ్యవధి దొరికింది. ఎన్ని ఫోన్ కంపెనీలు ఆ పాటి మర్యాద పాటిస్తున్నాయి?

చట్టాలు కదులుతున్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యే వినియోగ వస్తువులకు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు వస్తాయో తయారీదారు ప్రకటించి తీరాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకు, టాబ్లెట్లకు వర్తిస్తున్న నిబంధనలు అప్‌డేట్ల కాలాన్ని మోడల్‌ను మార్కెట్‌కు పంపడం ఆపిన తేదీ నుంచి 5 ఏళ్లుగా లెక్కగడుతున్నాయి. పైన నేను చెప్పుకున్న బాధ అక్కడివారికి ముందే అర్థమైందన్నమాట. అక్కడే 2027 డిసెంబర్ 11 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చే సైబర్ రెజిలియెన్స్ చట్టం, మద్దతు ముగిసే తేదీని కనీసం నెల, సంవత్సరంతో సహా కొనే సమయానికే స్పష్టంగా తెలియజేయాలని అంటోంది. అంటే తేదీ చెప్పమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. ఒకే కంపెనీ ఒకే ఫోన్‌ను ఒక దేశంలో తేదీ చెప్పి, మరో దేశంలో చెప్పకుండా అమ్ముతుంటే, ఆ రెండో చోటివారు ఊరుకోవలసిన అవసరమేమిటి?

అప్‌డేట్ వచ్చినా వేసుకోనివారు కూడా ఉన్నారు. వారిని తప్పుపట్టే ముందు వారి భయం ఎక్కడ పుట్టిందో చూడాలి. 2017 డిసెంబర్‌లో, బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని ఒక సాఫ్ట్‌వేర్ మార్పు ద్వారా తగ్గించామని ఆపిల్ ఒప్పుకుంది. ఫోన్ హఠాత్తుగా ఆగిపోకుండా ఉండటానికే అలా చేశామని ఆ సంస్థ వివరణ ఇచ్చింది, బ్యాటరీ మార్పిడి ధర కూడా తగ్గించింది. అయినా, అప్‌డేట్ వేస్తే ఫోన్ నెమ్మదిస్తుందన్న అనుమానం జనంలో బలంగా నాటుకుపోయింది. అప్‌డేట్ వేయగానే బొమ్మలన్నీ చోటు మారడం, అలవాటైన మీట కనబడకుండా పోవడం పెద్దవారిని ఎంత కలవరపెడుతుందో ఇంట్లో పెద్దలున్న వారందరికీ తెలుసు. భద్రతా సవరణను హంగులతో కలిపి ఒకే పొట్లంగా పంపకుండా విడిగా పంపితే, వేసుకునేవారు తప్పకుండా పెరుగుతారు.

ఫోన్ల సంగతి కనీసం అప్పుడప్పుడూ చర్చకు వస్తుంది. ఇంట్లో వైఫై రౌటర్, గోడకున్న కెమెరా, టీవీ గురించి ఎవరూ అడగనే అడగరు. 2016లో మిరాయ్ అన్న వైరస్, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చకుండా వదిలేసిన ఇలాంటి కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లొంగదీసుకుంది. అక్టోబర్ 21న వాటితో, వెబ్‌సైట్ పేరు కొట్టగానే దాని చిరునామా వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద దాడి జరిగినప్పుడు ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు కొన్ని గంటలపాటు చాలామందికి తెరుచుకోలేదు. తమ కెమెరా ఆ దాడిలో పాల్గొన్నదని వాటి సొంతదారుల్లో చాలామందికి తెలిసి కూడా ఉండదు.

పాత ఫోన్ వాడుతున్నవారందరూ రేపే కొత్తది కొనాలని నేను అనడం లేదు, అది అందరికీ సాధ్యం కాదు. సెట్టింగ్స్‌లో ఆ సెక్యూరిటీ తేదీ చూసుకుని, అది బాగా పాతదైతే బ్యాంకు యాప్‌లను, ముఖ్యమైన మెయిల్‌ను ఇంట్లో అప్‌డేట్లు వస్తున్న మరో ఫోన్‌కు మార్చుకోవాలి. పాతదాన్ని పాటలకు, ఫోన్ మాటలకు వాడుకోవాలి. ప్లే స్టోర్‌లో లేని యాప్‌ను ఎవరో పంపిన లింకు నుంచి అందులోకి ఎక్కించుకోకూడదు.

మీ పత్రికను నేను కోరేది చిన్న విషయం. ఏ ఫోన్ గురించి రాసినా, చివర పెట్టే వివరాల పట్టికలో ధర పక్కనే మరో వరుస చేర్చండి: భద్రతా సవరణలు వచ్చే ఆఖరి నెల, సంవత్సరం. ఏళ్ల లెక్క వద్దు, తేదీయే కావాలి. పండుగ తగ్గింపుల గురించి రాసే ప్రత్యేక పేజీల్లో అది మరీ అవసరం, ఎందుకంటే పాత మోడళ్లు ఎక్కువగా అమ్ముడయ్యేది అప్పుడే. సమాచారం కోసం కంపెనీకి రాయండి. జవాబు రాకపోతే ఆ వరుసను ఖాళీగా వదిలేయకుండా, అడిగాం, చెప్పలేదు అని అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు