మా ప్రాంత కార్మిక అధికారి గారికి బహిరంగ లేఖ

బెంగళూరు

అయ్యా,

ప్రసూతి సెలవు ముగించుకుని వెళ్లేసరికి నా బృందాన్ని వేరొకరికి అప్పగించారు. జీతం పెంపు ఆగింది. ఇది వివక్ష అని రాస్తే, నియామక పత్రంలో 11వ పేజీ చూపారు: వివాదమేదైనా ఆర్బిట్రేషన్‌లోనే, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందే తేల్చుకోవాలి, అదీ ముంబైలో. చంకలో ఏడు నెలల పాపతో అక్కడికి వెళ్లాలట! సంతకం చేసిన రోజు ఆ పేజీ ఎవరు చదివారు?

అప్పటి వేతన చెల్లింపు, పారిశ్రామిక వివాదాల చట్టాల కింది వివాదాలు ఆర్బిట్రేషన్‌కు పంపదగినవి కావని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రసూతి వివక్షకు ఆ రక్షణ వర్తించదని మీరు భావిస్తే, అదైనా రాతపూర్వకంగా తెలపండి. నా రెండు అర్జీల మీద ‘అందినది’ అన్న ఊదారంగు ముద్ర తప్ప జవాబు లేదు.

ఆర్బిట్రేషన్ షరతును సాకుగా చూపి ఫిర్యాదులను తిప్పి పంపరాదని మీ సిబ్బందిని ఆదేశించండి. నా అర్జీని విచారణకు స్వీకరించండి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని